అరిగిన బ్లేడు, అలిసిన బ్లేడు

మేనమామది తెనాలి. కాలవ పక్కన ఒక పాత కోత మిల్లులో పెద్ద బ్యాండ్ సా రంపాలకు సానపట్టడమే అతని జీవితం. మేనల్లుడిది రేపల్లె. మెకానికల్ డిప్లొమా చదివి, ట్రాక్టరు వెనక కట్టుకుని ఎక్కడికైనా లాక్కెళ్ళే చిన్న కోత మిల్లు కొన్నాడు. చెట్టు పడిన చోటికే మిల్లు పోతుంది. దుంగ కదలదు, మిషనే దాని మీదుగా పట్టాల మీద నడిచి పలక కోస్తుంది. బాపట్ల దగ్గర ఒక రైతు దొడ్లో గాలికి ఒరిగిన నిద్రగన్నేరు మానును కోస్తుండగా, మొద్దుబారిన బ్లేడును ఏం చేయాలన్న దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. మనుషులిద్దరూ వాదం కోసం నేను కూర్చిన వాళ్ళు. బ్లేడు సంగతులు మాత్రం నిజం.

మేనల్లుడు: దించెయ్ మావయ్యా. దీని పని అయిపోయింది. పెట్టెలో కొత్తవున్నాయి, ఒకటి ఎక్కిద్దాం.

మేనమామ: ఏం అయిపోయిందిరా? పొద్దున ఎక్కించిందేగా! పళ్ళన్నీ ఉన్నాయి, బీట కనపడట్లేదు. మొద్దుబారింది, అంతే. కత్తిపీట తెగకపోతే సానపట్టించుకుంటారు గానీ పెంటలో పారేస్తారా?

మేనల్లుడు: కత్తిపీట ఉన్నచోట ఉంటుంది. ఇది అంగుళంపావు వెడల్పు, మిల్లీమీటరు మందం పట్టీ. రెండు చక్రాల మీద పరుగెత్తుతూనే కోయాలి. దీన్ని తెనాలి పంపి, సానపట్టించి, మళ్ళీ తెచ్చుకునేలోపు నేను ఇంకో ఊళ్ళో ఇంకో దుంగ మీద ఉంటాను. ట్రాక్టరు అద్దె, ఇద్దరు మనుషుల కూలి, డీజిలు, ఇవి నడుస్తూనే ఉంటాయి. బ్లేడు కోసం మిల్లు ఆపితే పోయేది బ్లేడు ఖరీదు కన్నా ఎక్కువ.

మేనమామ: మిల్లు ఆపకూడదనేగా ఈ బ్లేడును ఇంతసేపు లాగావు? అరగంట ముందే ఆగిపోవాల్సింది. ఆ పలక ఇటు తే. అంచు మీద బద్ద పెట్టి చూడు. ఈ కొసన అంగుళం, నడుమ అంగుళం మీద నూలు, ఆ కొసన నూలు తక్కువ. అలలు తేలింది. ఇది బల్లకు పనికిరావాలంటే వడ్రంగి చిత్రిక పట్టాల. పలకకు ఒక నూలు చొప్పున పది పలకలకు పది నూళ్ళు. అంటే అంగుళంపావు. ఆ రైతుకు నిలువునా ఒక పలక పోయినట్టు. బ్లేడు డబ్బులు మిగిలాయని నువ్వు సంబరపడుతున్నావు, ఆ డబ్బు ఇచ్చింది ఆయన.

మేనల్లుడు: సరే, ఈ లెక్క ఒప్పుకుంటాను. కానీ మొద్దుబారిందని ఎప్పుడు తెలుస్తుంది? పలక చెడ్డాకేగా.

మేనమామ: పలక చెడక ముందే మూడు చోట్ల చెప్పుద్ది. మొదటిది పొట్టు. పదునున్న పన్ను కర్రను చెక్కుద్ది, పొట్టు పలుకులు పలుకులుగా రాలుద్ది. పదును పోయిన పన్ను కర్రను రుద్దుద్ది, పొట్టు పిండి అయిపోద్ది. ఇందాకట్నుంచి నీ కాళ్ళ దగ్గర పడేది పిండే. రెండోది చెయ్యి. మిషను తనంతట తాను ముందుకు పోతున్నట్టు ఉండాల, నువ్వు నెట్టాల్సి వస్తే పదును పోయినట్టే. మూడోది కణుపు. మెత్తటి చోట తిన్నగా పోయి, కణుపు తగలగానే బ్లేడు పైకి ఎక్కినా కిందికి దిగినా ఇక ఒక్క పలక కూడా కొయ్యమాకు.

మేనల్లుడు: ఇంజను శబ్దం కూడా మారుతుంది. ముక్కుతుంది.

మేనమామ: అదిగో, చెవులూ పనిచేస్తున్నాయి. మరి వినపడి కూడా ఎందుకు ఆపలేదు?

మేనల్లుడు: ఎలాగూ పారేసేదే కదా, ఇంకో రెండు పలకలు లాగుదామని.

మేనమామ: జబ్బంతా ఆ మాటలోనే ఉంది. పారెయ్యబోయే దాని మీద ఎవరికీ జాలి ఉండదు. మొద్దు పన్ను కర్రలోకి దిగాలంటే గట్టిగా నెట్టాల. నెడితే బ్లేడు వెనక్కి ఒంగుద్ది, వేడెక్కుద్ది, వేడెక్కి సాగుద్ది. సాగితే బిగువు తగ్గిందని నువ్వు మళ్ళీ బిగిస్తావు. అట్టా అరగంట నడిపావంటే సానతో పోయే జబ్బును సానతో పోని జబ్బు చేసినట్టు.

మేనల్లుడు: ఇప్పుడు నా దారికొచ్చావు మావయ్యా. సానతో పోని జబ్బొకటి ఉందని నీ నోటితోనే అన్నావు. అది ఏమిటో లెక్కతో చెప్తాను, విను. ఈ బ్లేడు చుట్టుకొలత నాలుగు మీటర్లు. వేగం సెకనుకు సుమారు 25 మీటర్లు. అంటే సెకనుకు ఆరు చుట్లు దాటి తిరుగుతుంది. ఒక్కో చుట్టులో రెండు చక్రాల మీద రెండుసార్లు వంగి, రెండుసార్లు తిన్నగా అవుతుంది. సెకనుకు పన్నెండు వంపులు దాటాయి. గంటకు దాదాపు 45 వేలు. నువ్వు పళ్ళకు ఎంత సానపట్టినా ఈ వంపుల లెక్క మొదటికి రాదు. పదును తిరిగి వస్తుంది గానీ వయసు తిరిగి రాదు.

మేనమామ: మా మిల్లు బ్లేడు తిరగట్లేదా? అది వంగట్లేదా? నాలుగంగుళాల వెడల్పు పట్టీ ఏళ్ళ తరబడి సానపట్టించుకుని, అరిగి అరిగి సన్నబడేదాకా పనిచేసుద్ది.

మేనల్లుడు: మీ చక్రం ఎన్ని అంగుళాలు?

మేనమామ: నలభై రెండు.

మేనల్లుడు: బ్లేడు మందం?

మేనమామ: పంతొమ్మిది గేజి. చక్రం ఎన్ని అంగుళాలుంటే బ్లేడు మందం అంగుళంలో అన్ని వెయ్యో వంతులు, అంతకు మించకూడదని మా మేస్త్రీ చెప్పేవాడు. నలభై రెండు అంగుళాల చక్రానికి నలభై రెండు వెయ్యో వంతులు. అదే పంతొమ్మిది గేజి.

మేనల్లుడు: నా బ్లేడు మందం కూడా సరిగ్గా అంతే, 0.042 అంగుళం. నా చక్రం మాత్రం పంతొమ్మిది అంగుళాలు. మీ మేస్త్రీ లెక్క ప్రకారం దీనికి పంతొమ్మిది వెయ్యో వంతుల మందమే ఉండాలి. ఉన్నది దానికి రెట్టింపు పైన. అంత పల్చటి పట్టీ ఇంత లావు దుంగలో తిన్నగా నిలబడదు కాబట్టి తప్పక మందం పెట్టారు. ఒకే మందం ఇనుము, మీ చక్రం మీద ఒంగేదానికన్నా నా చక్రం మీద రెండింతలు పైన ఒంగుతుంది. మీ బ్లేడు అరిగి పోతుంది, నా బ్లేడు అలిసి పోతుంది. ట్రాక్టరు వెనక లాక్కెళ్ళే మిల్లుకు నలభై రెండు అంగుళాల చక్రాలు పెట్టలేం. చిన్న చక్రానికి చెల్లించే వెల ఇది.

మేనమామ: అయితే ఇంకా మందం బ్లేడు వేసుకో. మొన్న ఎవరో 0.050 వేస్తే గట్టిగా ఉంటుందన్నారు.

మేనల్లుడు: అక్కడే అందరూ బోల్తా పడతారు. మందం పెరిగితే దుంగలో తిన్నగా నిలబడుతుంది, నిజమే. కానీ అదే చక్రం మీద వంచినప్పుడు పైపొర మీద లాగుడు మందంతో పాటే పెరుగుతుంది. 0.042 నుంచి 0.050కి పోతే దాదాపు ఐదో వంతు ఎక్కువ. కోతలో గట్టిదే, చక్రం మీద మాత్రం తొందరగా బీటలేస్తుంది.

మేనమామ: ఇనుము అలిసిపోద్దని నువ్వంటున్నావు. మా కాలంలో బ్లేడును దించి ఒక రోజు మేకుకు తగిలిస్తే విశ్రాంతి తీసుకుని మళ్ళీ కోలుకుంటుందనేవాళ్ళు. అలిసినదానికి విశ్రాంతి మందు కాదా?

మేనల్లుడు: మనిషికి మందు, ఉక్కుకు కాదు. జర్మనీలో అవుగుస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు 1850లు, 60లలో బండి ఇరుసుల మీద ఏళ్ళ తరబడి పరీక్షలు చేశాడు. ఒక్కసారిగా విరగ్గొట్టాలంటే ఎంతో బలం కావాల్సిన ఇరుసు, అంతకన్నా చాలా తక్కువ బరువు మళ్ళీ మళ్ళీ పడితే విరుగుతుందని తేల్చాడు. మధ్యలో ఆపి పక్కన పెట్టినంత మాత్రాన పడిన బీట పూడదు.

మేనమామ: అయితే దించి తగిలించడం దండగా?

మేనల్లుడు: దండగ కాదు. మంచి పనే, కాకపోతే కారణం మీరు చెప్పింది కాదు. కోసేటప్పుడు బ్లేడు వేడికి సాగుతుంది. పని ఆపగానే చల్లారి కుంచించుకుంటుంది. బిగువు వదలకుండా ఇంటికి పోతే, రాత్రంతా బ్లేడు చక్రాలను పట్టి లాగుతూనే ఉంటుంది. చక్రాల మీది బెల్టు నొక్కుకుపోతుంది, బేరింగుల మీద బరువు పడుతుంది. అందుకే సాయంత్రం బిగువు వదలాలి. విశ్రాంతి మిషనుకు, బ్లేడుకు కాదు.

మేనమామ: దించిన బ్లేడును నూనె గుడ్డతో తుడిచే పని కూడా అందులోనే ఉందిరా. నువ్వుండేది రేపల్లె, ఇప్పుడు కోసేది బాపట్లలో. ఇక్కడి గాలిలో ఉప్పు. సూర్యలంక తీరం వైపు ఒక్క రాత్రి బయట ఉంచు, తెల్లారేసరికి పళ్ళ మధ్య గుంటల్లో ఎర్రగా చిలుము పడుద్ది. చిలుము తిన్న చోట చిన్న చిల్లి, చిల్లి పడిన చోటే బీట. నీ వోలర్ గారి ఇరుసులకు సముద్రపు గాలి తగిలిందో లేదో గానీ నీ బ్లేడుకు తగులుద్ది.

మేనల్లుడు: ఇది నేను చెయ్యట్లేదు. నీళ్ళు కారుస్తూ కోస్తాను, అలాగే చుట్టి పెట్టెలో పడేస్తున్నాను.

మేనమామ: అందుకే నీకు బ్లేడంటే రెండు రోజుల సరుకులా కనపడుతోంది. సరే, బీట ఎక్కడ మొదలవుద్దో చూపించు.

మేనల్లుడు: పళ్ళ మధ్య గుంట అడుగున. వంపు ఒత్తిడంతా పోగయ్యేది అక్కడే. వెంట్రుకవాసి గీత. భూతద్దం కావాలి, లేదా కిరసనాయిలు పూసి తుడిచి సుద్ద రాస్తే, లోపల దాగిన నూనె ఊరి గీత బయటపడుతుంది.

మేనమామ: మరి సాన పట్టేటప్పుడు పన్ను మొన ఒక్కటే రుద్దకుండా, మొహం, గుంట అడుగు, వీపు, మొత్తం ఒకే వంపున రాయి తిప్పితే ఆ అడుగున మొదలైన సన్న గీతలు సానలోనే పోతాయా, పోవా?

మేనల్లుడు: పైపైన ఉంటే పోతాయి. లోతుగా దిగితే పోవు. కానీ మొన ఒక్కటే రుద్దితే ఒక్కటి కూడా పోదు.

మేనమామ: అయితే విను. సాన అంటే పదును ఒక్కటే కాదు. వేళకు పట్టించిన సాన అలసటను కూడా కొంత గీకేసుద్ది. నువ్వన్న వయసులో ఒక పొర తీసేసుద్ది. నువ్వేమో ఆ అవకాశం ఇవ్వకుండా మొద్దుబారేదాకా లాగి, బీట లోతుకు దిగాక, చూశావా సాన పనికిరాదు అంటున్నావు.

మేనల్లుడు: ఈ మాట బాగుంది. కానీ ఆ సాన ఎవరు పడతారు? నువ్వు ఆకురాయి పట్టుకుని కూర్చుంటావు. ఈ బ్లేడు పళ్ళ మొనలు కరెంటు వేడితో గట్టిపరిచినవి. ఒళ్ళు మెత్తగా స్ప్రింగులా వంగుతుంది, మొన మాత్రం ఆకురాయికి లొంగనంత గట్టి. నీ ఆకురాయే అరుగుతుంది.

మేనమామ: చూశాను. జారిపోద్ది. దీనికి రాయి తిరిగే మిషను కావాల, అది కూడా ఈ పన్ను వంపుకు సరిపోయే అంచున్న చక్రం. నూనె కారుతూ ఉండాల. నేను భయపడేది రాయి తప్పు కాదు, పట్టేవాడి తొందర. ఒక్కసారే లోతుగా రుద్దాడనుకో, మొన నీలం తిరుగుద్ది. నీలం తిరిగిందంటే మాడింది. మాడిన మొన మెత్తబడితే మధ్యాహ్నానికే మొద్దుబారుద్ది. చల్లటి గాలికి గట్టిపడి పెళుసైతే దుంగలో చిట్లుద్ది. సానపట్టిన బ్లేడు నిలవడం లేదనే ఫిర్యాదు సగం ఈ నీలం రంగులోనే ఉంటది. మొన మీద మెరిసే తెల్లగీత పోయేంత వరకు, తేలిగ్గా, రెండుసార్లు తిప్పుకోవాల.

మేనల్లుడు: సెట్టింగు సంగతి? ఒక పన్ను పైకి, ఒకటి కిందికి, ఒకటి నిటారుగా. రెండు వైపులా ఒకే కొలతలో వంగాలి. నేను సానపట్టించిన మొదటి బ్లేడు దుంగలోకి దిగి కిందికే పోయింది.

మేనమామ: కింది పళ్ళు ఎక్కువ వంచి ఉంటారు. బ్లేడెప్పుడూ వంపు ఎక్కువున్న వైపుకే లాగుద్ది. లేదా పై వరుస పళ్ళు మేకుకు తగిలి మొద్దుబారి ఉంటాయి. అప్పుడు కూడా బతికున్న పళ్ళ వైపుకే పోద్ది. వంపు తక్కువైతే సందు చాలక బ్లేడు రాసుకుని వేడెక్కుద్ది. మరీ ఎక్కువైతే గీతలు పడతాయి, కర్ర పొట్టయి పోద్ది. అందుకే ముందు సెట్టింగు కొలిచి సరిచేసి ఆ తర్వాత సాన. సాన పట్టాక వంచితే పదును మొన దెబ్బతింటది.

మేనల్లుడు: మేకుల మాటెత్తావు కాబట్టి అడుగుతున్నా. ఈ డెల్టా చెట్లలో ఇనుము లేని చెట్టుందా? రోడ్డు పక్క నిద్రగన్నేరుకు బోర్డుల మేకులు, చేను గట్టు తుమ్మకు ముళ్ళకంచె తీగె, వేపకు దయ్యాన్ని కట్టేశామని కొట్టిన మేకులు. చెట్టు వాటిని మింగేసి పైన తోలు కప్పుకుంటుంది. మొన్న ఒక వేపమానులో నాలుగు పలకల్లో మూడు బ్లేడులు పోయాయి.

మేనమామ: కోసిన మొదటి పలక ముఖం చూశావా?

మేనల్లుడు: చూస్తే ఏముంది?

మేనమామ: నీలం కలిసిన నల్లటి మరక ఉంటది. కర్రలోని వగరు, ఇనుము, తడి కలిస్తే ఆ రంగు వస్తుంది. పాత మేకు చుట్టూ అది కర్ర నార వెంట పైకీ కిందికీ పాకుద్ది. దుంగ కొసన ఆ మరక కనపడిందంటే మేకు ఎక్కడో అదే వరసలో ఉన్నట్టే. ముందు పైబెరడు తీసి, లోహాన్ని పట్టే చేతి మిషనుతో తడిమి, సుద్దతో గుర్తు పెట్టి ఆ ముక్కను కోసి పారేస్తే పోలా? ఆ మిషను ఖరీదు నువ్వన్న మూడు బ్లేడులతో పోల్చుకో.

మేనల్లుడు: మేకు తెలుస్తుంది, ఇసుక తెలియదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను ఈ బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలి తర్వాత ఇసుకలో, నీళ్ళలో పడి ఉన్న చెట్లు చూడటానికి బాగానే ఉంటాయి. సరుగుడు అయితే బెరడు పగుళ్ళ నిండా ఇసుక. ఒక్క కోతకే మొనలన్నీ గుండ్రంగా.

మేనమామ: తీరం చెట్టును బెరడుతో కోయమాకురా. గొడ్డలితో కోత పడే దారి వెంట ఒలిచెయ్యి, చీపురుతో ఊడ్చు, వీలైతే నీళ్ళు కొట్టు. దుంగను ట్రాక్టరుతో నేల మీద ఈడవమాకు. డెబ్భై ఏడు నవంబరు ఉప్పెన తర్వాత దివిసీమ వైపు నుంచీ, రేపల్లె తీరం నుంచీ వచ్చిన కర్ర గురించి మా పెద్ద మేస్త్రీ ఒకటే చెప్పేవాడు, ముందు కడుక్కో తర్వాత కోసుకో అని. ఇక తాడిచెట్టు సంగతి తెలుసుగా. పైన నల్లటి నార ఉక్కులా, లోపల మెత్తటి గుజ్జు. ఆ నారలో ఇసుకలాంటి సన్నటి రేణువులు చెట్టే పెంచుకుంటది. కడిగితే పోదు. తాటి దూలం కోయమంటే కొత్త బ్లేడు వేయమాకు. చివరి సాన మీదున్నది వేసుకో.

మేనల్లుడు: ఇదిగో ఇప్పుడు మనం ఒక మాట మీదికి వస్తున్నాం. ఏ కర్రకు ఏ బ్లేడో ఎంచుకోవాలంటే, పెట్టెలో అన్ని వయసులవీ ఉండాలి.

మేనమామ: అంటే పారెయ్యకూడదనేగా?

మేనల్లుడు: అరిగినవి పారెయ్యకూడదు. తెగినవి, బీట పడినవి పారెయ్యాలి. నువ్వు వాటిని కూడా వదలవు, అక్కడ నాకు ఒప్పదు. పోయిన నెల తెగిన బ్లేడు అతుకు వేసి తెచ్చి, తళతళలాడుతోంది వేసుకో అన్నావు. ఎంతసేపు నిలిచింది?

మేనమామ: అతుకు నిలిచింది.

మేనల్లుడు: అవును. అతుకు పక్కన బెత్తెడు దూరంలో తెగింది!

మేనమామ: అతుకు తప్పు కాదుగా మరి. అతుకులో ఉన్న కష్టం నీకేం తెలుసు? రెండు కొసలు తిన్నగా, ఒకే ఎత్తులో కలవాల. కరిగించి కలిపాక అలా వదిలేస్తే గాజులా పెళుసు. మళ్ళీ మెల్లగా వేడి చేసి, ముదురు రంగు తిరిగేదాకా ఆగి, మెల్లగా చల్లార్చాల. ఆ తర్వాత రెండు వైపులా రుద్ది, పట్టీ మందానికే తేవాల.

మేనల్లుడు: తెలుసు మావయ్యా. 1808లో విలియం న్యూబెరీ అనే ఇంగ్లీషువాడు బ్యాండ్ సా పేటెంటు తీసుకున్నాడు. దాదాపు నలభై ఏళ్ళు అది పనికి రాలేదు. కారణం అతుకే. వంగీ వంగీ అక్కడే తెగేది. 1846లో ఫ్రాన్సులో ఆన్ పోలిన్ క్రెపాఁ అనే ఆవిడ నిలిచే అతుకుకు దారి కనిపెట్టి పేటెంటు తీసుకుంది. ఆ తర్వాతే ఈ రంపం మిల్లుల్లోకి వచ్చింది. కాబట్టి అతుకు వేసే చేతిని తక్కువ చెయ్యట్లేదు. నేను అనేది ఇంతే. బ్లేడు ఎందుకు తెగిందో చూడు. కొత్త బ్లేడు దుంగ జారి నలిగి తెగితే అతుకు వెయ్యి, మళ్ళీ ఎన్నో దుంగలు కోస్తుంది. ఎక్కడా దెబ్బ తగలకుండా తనంతట తాను తెగిందంటే, ఆ ఒక్కచోటే కాదు, పట్టీ అంతా అదే స్థితిలో ఉన్నట్టు. ముందు ఒకచోట తెగింది, అతికితే ఇంకోచోట తెగుతుంది.

మేనమామ: మా మిల్లులో పెద్ద బ్లేడుకు బీట పడితే, దాని కొసన సెంటర్ పంచ్ పెట్టి ఒక్క దెబ్బ కొడతాం. బీట అక్కడే ఆగుద్ది.

మేనల్లుడు: నాలుగంగుళాల పట్టీలో అర అంగుళం బీట పోయినా పట్టుకునే ఇనుము మూడున్నర అంగుళాలుంటుంది. నా దాంట్లో పళ్ళు పోగా వీపున మిగిలేది సుమారు అంగుళమే. ఇక్కడ పంచ్ కొడితే బీట ఆగదు, వాయిదా కూడా పడదు. అది తెగినప్పుడు నేను మిషను పక్కనే నడుస్తుంటాను. మీ మిల్లులో బ్లేడు ఇనుప తొడుగులో ఉంటుంది, కోసేవాడు దూరంగా లివరు దగ్గర ఉంటాడు. ఇక్కడ రైతూ ఆయన పిల్లలూ చుట్టూ మూగి చూస్తుంటారు.

మేనమామ: …సరే. పెద్ద రంపం సంగతి చిన్నదానికి అతికించాను. ఒప్పుకుంటున్నా. బీట పడినదాన్ని సానకు తీసుకోను.

మేనల్లుడు: తీసుకోకపోవడం చాలదు. నా కళ్ళ ముందే రెండు ముక్కలు చెయ్యి. చుట్టి మూలన పెడితే ఎప్పుడో ఒక రోజు, ఇంకొకటి లేదని ఎవరో ఒకరు ఎక్కించేస్తారు. తెనాలిలో ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్నారు, వాళ్ళకిద్దాం. దేవుడి కిరీటానికి పళ్ళ పట్టీ బాగుంటుంది.

మేనమామ: విరిగిన పన్ను సంగతేంటి? అది కూడా తుక్కేనా?

మేనల్లుడు: ఒకటో రెండో, విడివిడిగా పోతే నడపొచ్చు. పక్కపక్కనే మూడు నాలుగు పోతే వాటి వెనకాల వచ్చే పన్ను మీద వాటన్నిటి పనీ పడుతుంది. అదీ పోతుంది. అంతకు మించి, అన్ని పళ్ళు ఊడగొట్టిన దెబ్బ గుంట అడుగున ఏం చేసిందో చూడకుండా ఎక్కించను.

మేనమామ: ఇప్పుడు నీ తప్పు నేను చెప్తా. నీ తప్పు పారెయ్యడం కాదు, ఆలస్యంగా ఆపడం. పారేసేవాడు ఎప్పుడూ ఆలస్యంగానే ఆపుతాడు.

మేనల్లుడు: నీ తప్పు బాగుచెయ్యడం కాదు, ఆలస్యంగా వదలడం. బాగుచేసేవాడు ఎప్పుడూ ఆలస్యంగానే వదులుతాడు.

మేనమామ: ఇద్దరికీ తెలియాల్సింది బ్లేడు ఎంతసేపు తిరిగిందనేగా. ఒక పని చెయ్యి. ప్రతి బ్లేడుకూ తీగెతో ఒక రేకు బిళ్ళ కట్టు. దించినప్పుడల్లా ఎన్ని గంటలు నడిచింది, ఏ కర్ర కోసింది, మేకు తగిలిందా, ఎన్నో సాన, ఇవి గీకు. నేను అది చూసి సానపడతా.

మేనల్లుడు: రెండు గంటలు దాటకుండా దించుతాను, ఇసుక కర్రైతే దుంగకొకటి. రోజుకు నాలుగైదు బ్లేడులు మార్చుకుంటాను. వారానికి ఒకసారి రేపల్లె నుంచి తెనాలి రైలెక్కి కట్ట మొత్తం ఒకేసారి తెస్తా. ఒక్కో బ్లేడు కోసం మిల్లు ఆపక్కర్లేదు. నీ సానా ఉంటుంది, నా రోజు కూలీ ఉంటుంది.

మేనమామ: మొదట్లోనే చెప్పుంటే ఈ ఎండలో ఇంత వాదన ఎందుకు?

మేనల్లుడు: మొదట్లో నువ్వు కత్తిపీట అన్నావుగా! ఒక్కటి తేల్చు. రైతు చెట్టులో మేకు తగిలి బ్లేడు పోతే ఎవరు పెట్టుకోవాలి? చెట్టు ఆయనది, ఇనుము ఆయన కొట్టిందే.

మేనమామ: ముందు మాటాడుకోని మేకు నీది, ముందు మాటాడుకున్న మేకు ఆయనది. మిల్లుకు దుంగ తెచ్చినవాడికి మేం ముందే చెప్తాం. నువ్వు వెతికి, గుర్తు పెట్టి, ఈ ముక్క వదిలేద్దాం అన్నాక కూడా ఆయన కొయ్యమంటే ఖర్చు ఆయనే పెట్టుకోవాల. వెతక్కుండా కోసి తర్వాత బిల్లు చేతిలో పెడితే ఆ ఊళ్ళో రెండో చెట్టు నీకెవరూ ఇవ్వరు.

మేనల్లుడు: సగం నష్టం నాదే అంటావు.

మేనమామ: వెతకని సగం.

మేనల్లుడు: అలాగే కానీ. మరి సానకు కూలి ఎంత? మేనల్లుడినని తగ్గిస్తావా?

మేనమామ: తగ్గించను. పైగా రెండు రేట్లు. వేళకు దించి తెచ్చిన బ్లేడుకు ఒక రేటు. ఇదిగో ఇట్టా పిండి రాలేదాకా లాగి తెచ్చినదానికి రెట్టింపు. అది గీకి గీకి గుంట దాకా పోవాలి మరి. ఎప్పుడు ఆపాలో ఆ రేటే నీకు నేర్పుద్ది.

మేనల్లుడు: ఒప్పుకుంటున్నా. నాదీ ఒక రేటు రాసుకో. బీటను చూసి కూడా వదల్లేక సానపట్టి నాకిచ్చావంటే, కూలి ఇవ్వను. కొత్త బ్లేడు ఖరీదు నీ ఖాతాలో రాస్తా.

మేనమామ: రాయి. భూతద్దం మాత్రం నువ్వే కొనిపెట్టాల. నా కళ్ళు మునుపటివి కావు.